ఫొటోల కోడలు

నిన్న భోగి. తణుకులో మా అత్తగారింట్లో పాపకి భోగిపళ్ళు పోశాక, గదిలో కూర్చుని దాని జుట్టులో చిక్కుకున్న బంతి రేకులు ఏరుతున్నాను. అత్తయ్య ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "అమ్మాయ్, పాపది ఈ ఒక్క ఫొటో వాట్సాప్ స్టేటస్ పెట్టుకోనా?" అన్నారు. పాపకి ఏడు నెలలు. ఈ ఏడు నెలల్లో ఆవిడ నన్ను అడగడం ఇదే మొదటిసారి. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను పడ్డ పాట్లు మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలనిపించింది.

మొదటి ఫొటో సంగతి త్వరగా చెప్పేస్తాను. ఏలూరులో నన్ను ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికి తెచ్చేసరికే, మా ఆయన పంపిన ఫొటో వాళ్ళ అక్క, అంటే మా వదిన, స్టేటస్‌లో ఉంది. తెల్లగుడ్డలో పాప, చేతికి నా పేరున్న పట్టీ, కింద పుట్టిన టైమూ బరువూ. నేను పిల్ల మొహం సరిగ్గా చూడకముందే తణుకులో ఎవరో నక్షత్రం లెక్కకట్టి, శాంతి అక్కర్లేదని కూడా తేల్చేశారట. అప్పుడు నవ్వొచ్చింది.

21వ రోజున మాత్రం నవ్వు రాలేదు. బారసాలకి అందరూ వచ్చారు. పొద్దున్నే నీళ్ళు పోసే ఆవిడ కాళ్ళు చాపుకుని, పాపని వాటి మీద పడుకోబెట్టి, నలుగు పెట్టి నీళ్ళు పోస్తుంటే వదిన వీడియో తీసింది. ఇంట్లో వాళ్ళం చూసుకుంటే అంత ముచ్చటైనది ఇంకోటి ఉండదు, నాకూ తెలుసు. రాత్రికి అది ఫేస్‌బుక్‌లో ఉంది. వదినకి చీరల వ్యాపారం, కాబట్టి ఆవిడ పెట్టేవన్నీ పబ్లిక్. పోస్టు మీద తేదీ పక్కన చిన్న భూగోళం బొమ్మ ఉందంటే ఎవరైనా చూడొచ్చని అర్థం. ఒంటి మీద నూలుపోగు లేని నా కూతురికి, నేనెప్పుడూ పేరు వినని మగవాళ్ళు లైకులు కొట్టారు. మా ఆయన ఫోన్ చేస్తే వదిన తీసేసింది. అయిదు నిమిషాల పని. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

నేను ఊరుకోలేదు. ఆఫీసులో నా పని నలుగురికీ మెయిళ్ళు రాసి పని చేయించడం. ఆ తెలివితేటలు ఇక్కడా చూపించాను. రాత్రి పదకొండున్నరకి, ఒక చేత్తో పాపని పట్టుకుని పాలిస్తూ రెండో చేత్తో గంటసేపు టైప్ చేసి, 43 మంది ఉన్న మా అత్తగారి వైపు గ్రూపులో పెట్టాను. "అందరికీ నమస్కారం" అని మొదలుపెట్టి అయిదు రూల్స్, నంబర్లు వేసి. మొహం కనిపించే ఫొటో ఎక్కడా పెట్టకూడదు. స్నానం ఫొటోలు అసలే కూడదు. పేరు, ఊరు, పుట్టిన టైము రాయకూడదు. పెట్టాలనుకుంటే మా ఇద్దరిలో ఒకరిని అడగాలి. ఇప్పటికే పెట్టినవి ఆదివారంలోగా తీసేయాలి. చివర్న "మీ సహకారానికి ధన్యవాదాలు". బస్సులో బోర్డు రాసినట్టు!

మెసేజ్ ఇన్ఫోలో చూస్తే పొద్దున ఆరింటికల్లా 31 మంది చదివారు. ఒక్కరూ మాట్లాడలేదు. ఆరుంబావుకి మా చిన్న మావయ్య గారు వేంకటేశ్వరస్వామి బొమ్మతో శుభోదయం పెట్టారు. దాని కింద ఇంకొకరు దణ్ణం. నా మెసేజ్ అలా పైకి జరుగుతూ జరుగుతూ వెళ్ళిపోయింది. వదిన గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఎవరైనా గ్రూపు వదిలితే అడ్మిన్లకి మాత్రమే కబురొస్తుంది కదా, ఆ అడ్మిన్ మా ఆయనే. ఆయన ఆ సంగతి నాకు సాయంత్రం దాకా చెప్పలేదు.

ఏడింటికి అత్తయ్య మా అమ్మకి ఫోన్ చేశారు. నాకు కాదు, మా అమ్మకి. "వదిన గారూ, మీ అమ్మాయి మా మీద కేసు గానీ పెడుతుందేమో ఒకసారి కనుక్కోండి" అన్నారట. అమ్మ పొయ్యి మీద నా పత్యం వంట వదిలేసి, వాకిట్లో నిలబడి "చిన్నపిల్ల వదిన గారూ, తెలియక రాసింది, ఏమీ అనుకోకండి" అని పదే పదే చెప్పడం నేను కిటికీలోంచి విన్నాను. నాకు ముప్ఫై ఒకటి. ఫోన్ పెట్టేసి వచ్చి "నెల తిరగని బాలింతరాలివి, నీకెందుకమ్మా ఇవన్నీ" అంది. నేను రాసినదాంట్లో ఒక్క తప్పు చూపించమన్నాను. "తప్పు కాదే, నువ్వు రాసిన తీరు" అంది.

అంతటితో అయిపోతే ఇది రాసేదాన్ని కాదు. శ్రావణంలో భీమవరంలో వాళ్ళ వైపు పెళ్ళి. పాపకి మూడో నెల. నా మెసేజ్‌ని ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఇంకెన్ని గ్రూపుల్లో తిప్పారో గానీ, నేను ఆటో దిగగానే ఒక పెద్దావిడ "ఈవిడేనా ఫొటోల కోడలు?" అని పక్కావిడని అడిగింది. మెల్లగా కూడా కాదు. భోజనాల దగ్గర ఒకాయన తన ఫోన్ బోర్లా పెట్టి "అమ్మో, ఇక్కడ కెమెరా ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

తర్వాత స్టేజి మీద కుటుంబం ఫొటో. పాపని ఎత్తుకుని నా చోట్లో నిలబడ్డాను. ఫొటోగ్రాఫర్ సిద్ధంగా ఉన్నాడు. మా పెద్దత్తగారు "నువ్వూ పాపా కాస్త దిగండమ్మా. రేపు ఇదెవరైనా పెట్టుకుంటే మళ్ళీ రూల్స్ అంటావు" అన్నారు. వరస మొత్తం ఆగి నన్నే చూసింది. నేను దిగాను. పట్టుచీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడుతుంటే, మెట్లు దిగేదాకా ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఫొటో ఇప్పుడు మా అత్తగారి హాల్లో ఫ్రేము కట్టి ఉంది. అందులో మా ఆయన ఉన్నాడు.

ఆయన్ని వారం రోజులు వదల్లేదు. "అప్పుడేం అనాలో తోచలేదు" అన్నాడు. మగవాళ్ళకి వాళ్ళ అమ్మ ముందు ఎప్పుడూ ఏమీ తోచదు. చదివేవాళ్ళలో కొత్తగా తల్లులైనవాళ్ళు ఉంటే ఒక్కటే చెప్తాను: వాళ్ళ వైపు వాళ్ళకి ఆయన చేతే చెప్పించండి. గ్రూపులో రాయకండి, ఒక్కొక్కరికీ ఫోన్ చేయించండి.

కోపంలో చట్టం కూడా వెతికాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివాళ్ళు పిల్లలే. కంపెనీలు వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మనుషులు సొంతానికో ఇంటి అవసరానికో వాడుకుంటే మాత్రం ఆ చట్టం వర్తించదని అందులోనే ఉంది. అత్తగారి స్టేటస్ దాకా వచ్చేసరికి పార్లమెంటు కూడా తప్పుకుందన్నమాట.

దిష్టి తగులుతుందని అమ్మ చేత చెప్పించాను, ఇది తప్పక పని చేస్తుందనుకున్నాను. "అందుకే కదా వదిన గారూ, ఫొటో పక్కన నీలం కన్ను బొమ్మ పెడుతున్నాను" అన్నారు అత్తయ్య. వదినైతే మా ఆయనతో "తన డీపీలో పాప పాదాలు లేవా?" అంది. ఉన్నాయి. ఆ రోజే తీసేశాను, కాస్త ఏడుపొచ్చింది. మా పాప పాదాలు నిజంగానే అంత బావుంటాయి.

కొంచెం పనిచేసింది రెండే. ఒకటి, దసరాకి వెళ్ళినప్పుడు అత్తయ్య పక్కన కూర్చుని, ఆవిడ స్టేటస్ ఎవరెవరికి కనిపిస్తుందో లిస్టు తీసి చూపించాను. నంబరు ఆవిడ ఫోన్‌లో ఉండి, వాళ్ళ ఫోన్‌లోనూ ఆవిడ నంబరు ఉంటే చాలు, 24 గంటలపాటు చూడొచ్చు. గ్యాస్ అబ్బాయి, మోటారు బాగుచేసేవాడు, ఎప్పుడో ఇల్లు అద్దెకి అడిగినాయన. "వీళ్ళందరూ చూస్తారా?" అని కళ్ళద్దాలు సర్దుకున్నారు. సెట్టింగుల్లో మనం ఎంచుకున్నవాళ్ళకే కనిపించే పద్ధతి ఉంటుంది, అక్కడ పదకొండు మందిని ఆవిడ చేతే ఎంచుకోమన్నాను. గూగుల్ ఫొటోస్‌లో ఇంట్లో వాళ్ళకి ఒక ఆల్బమ్ కూడా చేసి, రోజూ రాత్రి రెండు ఫొటోలు వేస్తున్నాను. ఆల్బమ్ చేసేటప్పుడు లింకు ద్వారా ఎవరైనా చూసే వీలు ఆపేయడం మర్చిపోకండి.

రెండోది నా గొప్పేమీ కాదు. ఆడపిల్ల కదా, అయిదో నెలలో అన్నప్రాసన చేశాం. ఆ ఫొటోలు తీసిన స్టూడియోవాడు డిసెంబరులో పాప ఫొటోతో సెంటర్లో ఫ్లెక్సీ కట్టాడు, ప్యాకేజీ రేట్లతో సహా. మార్కెట్‌కి వెళ్ళిన అత్తయ్య చూశారు. సంచీ కూడా కింద పెట్టకుండా స్టూడియోకి వెళ్ళి "నన్నడక్కుండా నా మనవరాలి ఫొటో ఎలా పెడతావయ్యా?" అని బజారంతా వినిపించేలా అరిచారట. మధ్యాహ్నానికి ఫ్లెక్సీ లేదు. నాకు ఫోన్ చేసి ఎంత గర్వంగా చెప్పారో! నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాను. ఫొటోగ్రాఫర్‌కి అడ్వాన్సు ఇచ్చేముందే, పాప ఫొటోలు తన పేజీలోనూ ప్రకటనల్లోనూ వాడుకోకూడదని రసీదు మీద రాయించుకోండి. నేను రాయించుకోలేదు.

నిన్నటికొస్తే, అత్తయ్యకి సరేనన్నాను, వెనక నుంచి తీసింది పెట్టుకోమన్నాను. మొహం కొంచెం ముడుచుకున్నారు గానీ ఏమీ అనలేదు. రాత్రి పడుకునే ముందు చూశాను. పాప వీపు, పట్టుపావడా, తల మీద రేగుపళ్ళు, బంతి రేకులు. కింద ఆవిడ రాసినది: "మా మనవరాలు. మొహం చూపించమని అడక్కండి, మా కోడలు ఒప్పుకోదు."