పెన్న గట్టు మీద చదువులు, మా అమ్మాయి ఎగ్గొట్టిన స్లిప్ టెస్టు

ఒంగోలు నుంచి నెల్లూరు ఎంత దూరం, పొద్దున్నే పినాకిని రైలు ఎక్కి కూర్చుంటే గంటన్నర, ఇంకొంచెం. అయినా నేను నెల్లూరు వెళ్లి ఆరేళ్లయింది. స్టోన్‌హౌస్‌పేటలో మా పిన్ని ఉంది, ప్రతి ఏడూ రొట్టెల పండక్కి రండ్రా అని ఫోన్ చేస్తది, మేం ఆ వచ్చే ఏడు చూద్దాంలే పిన్నీ అంటాం. ఈసారి మాత్రం ఇంకో పని కూడా తగిలింది. మా వీధిలో నలుగురం కలిసి పిల్లలకి సాయంత్రం పూట ఏదన్నా చేద్దాం, ట్యూషన్ కాకుండా ఏదన్నా, అని ఏడాదిగా మాట్లాడుకుంటన్నాం, మాటలే గానీ పని లేదు. నెల్లూర్లో పెన్న పక్కన ఒక కాలనీ వాళ్లు నాలుగేళ్లుగా అలాంటిదే నడుపుతున్నారని తెలిసినాయన ఒకరు చెప్పాడు, పోయి చూసిరా అన్నాడు. సరే ఒకే టికెట్టుకి రెండు పనులు అని, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిని కూడా లాక్కుని బయల్దేరా.

ముందే చెప్పాలి, నేను తొమ్మిదేళ్లు ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్పినోణ్ణి. పొద్దున ఆరింటికి స్టడీ అవర్ మొదలు, రాత్రి పదింటికి ఆఖరు, ఆదివారం వీకెండ్ టెస్టు, సోమవారం ర్యాంకుల లిస్టు. క్లాసులో ఎవడన్నా లేచి సార్ ఇది ఎందుకు అలా అవుద్ది అని అడిగితే సిలబస్ వెనకపడుద్ది కూర్చోరా అన్న నోరు ఇది. కాబట్టి పక్కోణ్ణి అనే ముందు నన్ను నేను అనుకోవాల్సింది చాలా ఉంది.

పడుగుపాడు దాటి బండి పెన్న బ్రిడ్జి ఎక్కింది. కింద నీళ్లు లేవు, ఇసుకే, మధ్యలో ఒక సన్న పాయ. 2021 నవంబర్లో ఇదే పెన్న పొంగి పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కోసుకుపోయి రైళ్లన్నీ ఆగిపోయినయ్, హైవే కూడా తెగింది, గుర్తుందా అని అడిగితే మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తలేదు.

పిన్ని ఇంట్లో సామాన్లు పడేసి, కారం దోశ రెండు తిని, బారాషహీద్ దర్గాకి వెళ్లాం. రొట్టెల పండగ చూడని వాళ్లకి చెప్తన్నా, దర్గా పక్కన స్వర్ణాల చెరువు, అందులో మోకాళ్ల లోతు నీళ్లలో జనం, తల మీద గుడ్డ కప్పుకుని, చేతుల్లో రొట్టెలు. పోయినేడు కోరుకున్నది జరిగినోళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, ఇప్పుడు కోరిక ఉన్నోళ్లు అది తీసుకుని తింటారు, అది తీరితే మళ్లీ ఏడాది వీళ్లొచ్చి ఇవ్వాలి. మొహర్రం నెలలో జరిగే ఈ పండక్కి హిందువులు, ముస్లిములు అని లేదు, అందరూ వస్తారు. ఒక్కో కోరికకి ఒక్కో రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె, చదువు రొట్టె అని కేకలేస్తుంటారు, అచ్చం సంతలో లాగే.

ఒకావిడ మా అమ్మాయిని చూసి నవ్వుతూ, దా తల్లీ, చదువు రొట్టె తీసుకో, మా పాపకి నర్సింగ్ సీటొచ్చింది, అందుకే తెచ్చినా అంది. ఇది ఒక అడుగు వెనక్కేసి, వద్దాంటీ, చదువు తప్ప ఇంకేదన్నా ఉంటే ఇవ్వండి అంది! ఆవిడ పకపకా నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. పక్కనే ఉన్న ఇంకో ముసలాయన దగ్గర సొంతింటి రొట్టె తీసుకుని సగం తనే తిని సగం నాకు పెట్టింది.

సాయంత్రం అయిదింటికి కాలనీకి వెళ్లాం. పేరు రాయొద్దన్నారు, రాస్తే ఫొటోల కోసం వచ్చేవాళ్లు ఎక్కువైపోతున్నారంట, ఒకాయన అయితే బ్యానర్ కూడా తెచ్చుకుని, దాని ముందు పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీసుకుని పొయ్యాడంట, మళ్లీ కనపడలేదు. రెండు వరసల ఇళ్లు, చివర్లో ఒక రేకుల షెడ్డు, షెడ్డు ముందు గచ్చు అరుగు, అంతే. బోర్డు లేదు. గోడకి నల్ల పెయింట్ వేసి ఉంది, దాని మీద సుద్దతో ఆ రోజు ప్రశ్న.

ఈ ప్రశ్న పద్ధతి నాకు భలే నచ్చింది. రోజూ ఒక పిల్లో పిల్లోడో ఒక ప్రశ్న రాయాలి, పుస్తకంలోది కాకూడదు, జవాబు తెలిసినోళ్లు కాలనీలో ఎవరైనా సరే వచ్చి చెప్పొచ్చు. మేం పోయిన రోజు ప్రశ్న ఏందంటే, చేపల పులుసు రెండో రోజు ఎందుకు ఎక్కువ రుచిగా ఉంటది. నెల్లూర్లో ఇంతకంటే గొప్ప ప్రశ్న ఇంకోటి ఉంటదా చెప్పండి. చేపలమ్మే ఒకామె గంప దించి కూర్చుని, మామిడికాయ పులుపు ముక్క లోపలికి దిగాలంటే రాత్రంతా పట్టుద్ది నాయనా, దించంగానే తింటే పులుసు యేరే, ముక్క యేరే అంది. అప్పుడు బీఎస్సీ చదివే అమ్మాయి, అందరూ టీచరక్కా అని పిలుస్తారు, ఉప్పూ పులుపూ ఎక్కువున్న చోట నుంచి తక్కువున్న చోటికి ఎట్టా పాకుతాయో చెప్పి, ఒక గాజు గ్లాసు నీళ్లలో సిరా చుక్క వేసి చూపించింది. పాఠం పేరు చివర్లో చెప్పింది. నేను చెప్పే రోజుల్లో పేరు ముందు చెప్పి, డెఫినిషన్ రాయించి, చుక్క ఎప్పుడూ వేయలేదు.

ఇది ఎట్టా మొదలైందమ్మా అని అడిగా. ఆ 2021 వరదకే. నీళ్లు తీసినాక పిల్లల పుస్తకాలు మిద్దెల మీద ఆరబెట్టారంట, ఆరిన పేజీలు ఒకదానికొకటి అతుక్కుపొయ్యి, ఒక్కో పేజీ విడదీస్తా ఈ అమ్మాయి పిల్లల్తో చదివించడం మొదలుపెట్టింది. అప్పటికి తను ఇంటర్. నలుగురు పిల్లలు పదిమందయ్యారు. తర్వాత బిట్రగుంటలో రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు కుర్చీ వేసుకుని లెక్కలు మొదలుపెట్టాడు, గూడ్స్ బండి ఇంత స్పీడు, ప్లాట్‌ఫారం ఇంత పొడుగు అని. ఇంటికి నెలకి ఇరవై రూపాయలు, సుద్దలకీ కరెంటు బిల్లుకీ. అంతకు మించి ఎవరన్నా ఇస్తామన్నా తీసుకోరంట, ఎక్కువ ఇచ్చినోడు ఎక్కువ మాట్లాడతాడు సార్ అన్నాడు పెద్దాయన.

అసలు సంగతి వరద లెక్క. పోయినేడు ఎండాకాలం సెలవుల్లో పిల్లలు ఇంటింటికీ పొయ్యి, 2021లో మీ ఇంట్లో నీళ్లు ఎందాకా వచ్చినయ్ అని అడిగి, గోడ మీద మరక ఉంటే మరక కాడికి, లేకపోతే ఆ ఇంటావిడ చెయ్యి పెట్టి చూపించిన కాడికి టేపు పెట్టి కొలిచారు. టేపు అంటే టైలర్ టేపు, అరవై అంగుళాలది, అది దాటితే కొసకి వేలు పెట్టి మళ్లీ మొదలు. అయితే ఒక ఇంట్లో నలభై అంగుళాలు వస్తే పక్కింట్లో ముప్పై ఒకటే వచ్చింది. గోడ గోడా కలిసే ఉంది, నీళ్లు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఎట్టా ఉంటాయి, మీరు అబద్ధం చెప్తుండారంటే మీరే చెప్తుండారని రెండిళ్ల పిల్లలూ కొట్లాడుకున్నారంట. అప్పుడు కాలనీలో ఉండే మేస్త్రి ఒకాయన నవ్వి, లెవెల్ పైపు పట్టుకొచ్చాడు.

ఆ పైపు మాక్కూడా చూపించారు. ఇరవై అడుగుల ప్లాస్టిక్ గొట్టం, లోపల నీళ్లు కనపడతాయి, నీలం రంగు కోసం కాస్త రాబిన్ బ్లూ కలిపారు. ఒక కొస ఈ ఇంటి గోడకి, రెండో కొస పక్కింటి గోడకి ఆనించి పట్టుకుంటే రెండు వైపులా నీళ్లు ఒకే మట్టానికి వచ్చి ఆగుతాయి, అక్కడ పెన్సిల్ గీత. గీత నుంచి నేల దాకా కొలిస్తే తెలిసిపోయింది, రెండో ఇంటోళ్లు పునాది తొమ్మిది అంగుళాలు ఎత్తు కట్టుకున్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మళ్లీ అన్ని ఇళ్లూ ఆ పైపుతో సరిచూసుకుని, ఏ ఇల్లు ఎంత పల్లంలో ఉందో షెడ్డు లోపలి గోడ మీద రంగు సుద్దలతో మ్యాపు గీశారు. దాన్ని చార్టు మీద దించి వార్డు సచివాలయంలో కూడా ఇచ్చొచ్చారు, ఈసారి వాన పడితే ముందు ఎవరిళ్లు ఖాళీ చేయించాలో ఇందులో ఉంది సార్ అని. తీసుకున్నారంట. ఏం చేశారో అడిగితే పెద్దాయన బీరువా వైపు చూపించినట్టు చెయ్యి ఊపాడు.

ఇదంతా చెప్తున్నప్పుడు మా అమ్మాయి ఎప్పుడు లేచిందో తెలియదు, పైపు రెండో కొస పట్టుకుని నిలబడి ఉంది. ఇంకా పైకి, ఇంకొంచెం, ఆ ఆగు, అని వాళ్లు కేకలేస్తుంటే ఇది గోడకి ముక్కు ఆనించి చూస్తంది. నాన్నా ఇది మా ఫిజిక్స్‌లో ఉంది, పోయిన యూనిట్ టెస్టులో నాకు అయిదుకి అయిదు వచ్చినయ్, కానీ ఇది అదే అని నాకు తెలియదు అంది.

అరుగు చివర కూర్చున్న ఒక పెద్దామె, నీరు పల్లమెరుగు అని మా కాలంలోనే అన్లేదా, దానికి ఇంత గొట్టమెందుకు అంది. అందరూ నవ్వారు. తర్వాత ఆమెతోనే ఎక్కువసేపు కూర్చున్నా. సొంతూరు కలిగిరి వైపు పల్లె, కొడుకు పని కోసం నెల్లూరు వచ్చేశారు. 1991లో నెల్లూరు జిల్లా అంతా అక్షరదీపం అని పెద్దోళ్లకి రాత్రి బడులు పెట్టినప్పుడు ముప్పై ఏళ్లు దాటిన తర్వాత పలక పట్టిందంట. అంతకు ముందేడే కేరళలో ఎర్ణాకుళం జిల్లా మొత్తం చదువుకుందని పేరొచ్చింది, అదే ఊపులో ఇక్కడా. రాత్రి ఏడు తర్వాత, పొలం పనీ వంటా అయినాక, లాంతరు చుట్టూ పదిమంది ఆడోళ్లు, చెప్పేది ఊళ్లో చదువుకున్న పిల్లే. వాచకంలో తాగుబోతు మొగుడి పాలబడిన ఆడమనిషి కథ ఒక పాఠం.

"ఆ పాఠం చదివిన రోజు ఎవురూ ఇంటికి పోలేదు నాయనా. అట్నే కూచున్నాం. అది మా కతే గదా. మా అక్షరాలు సరిగా రాలేదు గానీ కత మాత్రం వచ్చేసింది."

ఆ తర్వాత సంగతి అందరికీ తెలిసిందే, దూబగుంటలో ఆడోళ్లు సారా అంగడి మూయించారు, వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మ అయిపోయింది, అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ ఒకటి నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. సారా పోరాటం అని మనం చదువుకుంటాం గానీ దాని మొదలు రాత్రి బడి అని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఊపులోనే రోజుకో రూపాయి పొదుపు. ఈ పెద్దామె ఇప్పటికీ పొదుపు పుస్తకంలో వేలిముద్ర వెయ్యదు, సంతకం పెడతది, నాకు నా డైరీలో పెట్టి చూపించింది, చివరి అక్షరం కింద గీత గట్టిగా గీసి.

అంతా బాగుందని రాస్తే అబద్ధం. షెడ్డులో ఎనిమిదో తరగతి దాటిన మగపిల్లలు ఇద్దరే కనపడ్డారు, మిగతా వాళ్లు పనుల్లోకో ఫోన్లలోకో పొయ్యారు. పదో తరగతి రాగానే తల్లిదండ్రులే మాన్పించి ట్యూషన్‌కి పంపుతున్నారు. ఒక తండ్రి నా మొహం మీదే అన్నాడు, ఇదంతా ఆట సార్, మార్కులు రావు, మీ పాపని మీరు ఇట్టాంటి చోట చేర్పిస్తారా అని. నేను జవాబు చెప్పలేదు. ఇంగ్లీషు గొడవ కూడా ఉంది. బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు కదా, పిల్లలు తెలుగు పేజీలో అర్థం చేసుకుని ఇంగ్లీషు పేజీ బట్టీ పడతన్నారు, అమ్మలేమో ఇక్కడన్నా ఇంగ్లీషు మాట్లాడించండి అంటన్నారు. టీచరక్క ఇంకా తేల్చుకోలేదు. తనకి వచ్చే ఏడు డిగ్రీ అయిపోద్ది, పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, తను పోతే ఎవరు అనేది ఎవరూ పైకి అడగట్లేదు.

మర్నాడు పొద్దున ఆటో మాట్లాడుకుని పల్లిపాడు పోయొచ్చాం, పెన్న ఒడ్డున ఆశ్రమం. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించింది, రుస్తుంజీ అనే పార్సీ ఆయన పదివేలు ఇచ్చాడు, స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మగారు. బడికి పొయ్యి చదువుకోని ఆ కనకమ్మగారే 1923లో నెల్లూర్లో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు, 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేసింది కూడా గాంధీగారే. పల్లిపాడులో మేం పోయిన టైముకి మనుషులెవరూ లేరు, వేపచెట్టు కింద కాసేపు కూర్చుని వచ్చేశాం, మా పిన్ని కట్టిచ్చిన పులిహోర అక్కడే తిన్నాం.

సోమవారం సాయంత్రం తిరుగు బండి. మలై కాజా రెండు కేజీలు, పిన్ని పెట్టిన మామిడికాయ పచ్చడి డబ్బా, మా అమ్మాయి బ్యాగులో వాళ్లిచ్చిన పాత టైలర్ టేపు ఒకటి. మా వీధోళ్లకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తన్నా, అరుగు ఉంది, పెద్దోళ్లున్నారు, మేస్త్రి ఎక్కడో ఒకడుంటాడు, మాకు లేనిదల్లా వరద ఒక్కటే అనిపించింది, ఛీ అదేం కోరిక అని నన్ను నేనే తిట్టుకున్నా. బండి పెన్న బ్రిడ్జి మీద ఉండగా స్కూలు గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఈరోజు స్లిప్ టెస్టుకి ఆబ్సెంట్ అయిన విద్యార్థుల తల్లిదండ్రులు కారణం తెలపాలి అని.

జ్వరం అని పెట్టనా అన్నా.

పెన్న కొలవడానికి పోయిందని పెట్టు నాన్నా అంది, కిటికీలోంచి కిందకి చూస్తా.

ఫ్యామిలీ ఫంక్షన్ అని టైప్ చేసి పంపించా.