తీర్మానం విన్నాక నొక్కితే ఆలస్యమే

మొన్న డిసెంబరులో చెన్నై మైలాపూరులోని ఒక చిన్న హాలులో పద్నాలుగేళ్ళ అమ్మాయి తరంగం చేస్తోంది, కూచిపూడిలో పళ్ళెం మీద నిలిచి ఆడే అంశం. ఇత్తడి పళ్ళెం అంచు మీద రెండు పాదాలు, తల మీద నీళ్ళ చెంబు. మృదంగం జోరందుకుంది. పళ్ళెం వేదిక మీద గరగరమంటూ ముందుకు జరుగుతోంది. సరిగ్గా అప్పుడే మూడో వరుసలో ఎవరి ఫోనో ఫ్లాష్ కొట్టింది. అమ్మాయి గట్టిగా రెప్పలు మూసింది. పళ్ళెం జానెడు పక్కకు జారింది. చెంబు ఊగి, నీళ్ళు తొణికి, పాపిటబిళ్ళ మీదుగా ముక్కు దాకా కారాయి. ఆ పిల్ల ఆగలేదు. కాలివేళ్ళతో అంచును మళ్ళీ బిగించి పట్టుకుని, తాళం తప్పకుండా చివరిదాకా ఆడింది.

నేను పక్క నడవలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. కెమెరా కంటి దగ్గరే ఉంది, వేలు కదలలేదు. ఆ క్షణం ఫొటో నా దగ్గర లేదు. ఉంటే బాగుండేదని కూడా అనిపించదు.

నాట్యం ఫొటోలకు ఫ్లాష్ ఎందుకు వాడరని నన్ను చాలామంది అడిగారు. కచేరీలు ఏర్పాటు చేసే సభలవాళ్ళు ఒప్పుకోరన్నది ఒక జవాబు. అసలు జవాబు ఆ నీళ్ళు. వేదిక మీద నిలబడి చూస్తే హాలంతా చీకటిగా ఉంటుంది. ఆ చీకట్లో ఏదో ఒకచోట చూపు నిలిపి, దాని ఆసరాతోనే ఒంటిని నిలదొక్కుకుంటారు. నెల్లూరులో నేను నేర్చుకునే రోజుల్లో మా మాస్టారు హాలు చివరనున్న గోడగడియారాన్ని చూపించి, పళ్ళెం దిగేదాకా దాని మీదనుంచి కన్ను తీయవద్దనేవారు. అలా నిలిపిన కంటిలోకి ఒక్కసారిగా మెరుపు కొడితే కాసేపు అంతా తెల్లబడిపోతుంది. పైగా ఆ ఫోను ఫ్లాష్ వల్ల తీసినవారికి వచ్చేదేమీ లేదు. అది ముందు వరుసలవాళ్ళ తలల్ని మాత్రమే వెలిగిస్తుంది, అక్కడున్న వేదికను కాదు.

నెల్లూరులో ఏడేళ్ళు కూచిపూడి నేర్చుకుని, పదో తరగతి పరీక్షలప్పుడు మానేశాను. ఇప్పుడు చెన్నైలో పెరంబూరులో ఉంటున్నాను, బీమా ఆఫీసులో పని. ధనుర్మాసం వచ్చిందంటే సాయంత్రం 29సి బస్సెక్కి మైలాపూరులో దిగుతాను. ధనుర్మాసాన్ని తమిళంలో మార్గళి అంటారు. మార్గళి కచేరీలంటే అందరికీ కర్ణాటక సంగీతం, భరతనాట్యం గుర్తుకొస్తాయి కానీ ఈ ఊరు కూచిపూడికి కూడా ఇల్లే. వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించింది ఇక్కడే. కృష్ణా జిల్లాలోని ఆ పల్లెలో పుట్టిన నాట్యాన్ని ఎందరో పిల్లలు ఈ నగరంలోనే నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలు ఇప్పుడు చిన్న చిన్న హాళ్ళలో ఆడుతున్నారు. నేను తీసేది ఎక్కువగా వాళ్ళనే.

పెద్ద సభల్లో వెలుగు బాగానే ఉంటుంది. చిన్న హాళ్ళలోనే కష్టం. మన కంటికి వేదిక దేదీప్యమానంగా కనిపిస్తుంది, చుట్టూ చీకటి కాబట్టి. కెమెరాకు ఆ పోలిక తెలియదు. నా దగ్గరున్నది 85 ఎంఎం లెన్సు, దాని అపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే కంత, ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే కంత అంత పెద్దది. జూమ్ లెన్సులు ఖరీదైనవైనా చాలావరకు ఎఫ్ 2.8 దగ్గర ఆగుతాయి. ఆ రెండింటికీ మధ్య వెలుగులో తేడా రెండు రెట్ల పైమాటే. జూమ్ లేకపోతే నేను లేచి జరగాలి, ముందే చోటు చూసుకోవాలి. ఆ శ్రమ నాకు సమ్మతమే.

ఇక వేగం సంగతి. జతిలో, అంటే తాళాక్షరాలకు తగ్గట్టు వేగంగా అడుగులు వేసే చోట, పాదం సెకనుకు మూడు మీటర్ల వేగంతో దిగుతోందనుకుందాం. షట్టరు సెకనులో 125వ వంతు తెరిచి ఉంచితే ఆ కొద్ది సమయంలోనే పాదం దాదాపు రెండున్నర సెంటీమీటర్లు కదిలిపోతుంది. ఫొటోలో వేళ్ళుండవు, పారాణి ఎరుపు మరక ఉంటుంది. 500వ వంతుకు తెస్తే కదలిక ఆరు మిల్లీమీటర్లకు దిగుతుంది, గజ్జెల వరుస కనిపించడం మొదలవుతుంది. కానీ లోపలికి వచ్చే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ లోటును ఐఎస్ఓ, అంటే అందిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, పూడ్చాలి. 1600 దగ్గర సరిపోయేది 6400కు వెళ్ళాలి.

6400 అనగానే కొత్తగా తీసేవాళ్ళు జంకుతారు, ఫొటో నిండా ఇసుక చల్లినట్టు రవ్వలు వస్తాయని. వస్తాయి, రానివ్వండి. రవ్వలున్న ముఖాన్ని అచ్చు వేసి గోడకు పెడితే మూడడుగుల దూరంనుంచి ఎవరికీ కనబడవు. చెదిరిన ముఖం ఎంత దూరంనుంచి చూసినా చెదిరినట్టే ఉంటుంది. ఐఎస్ఓ తగ్గించి, చీకటిగా తీసి, తరువాత కంప్యూటర్లో వెలుగు పెంచుకుందామంటే రవ్వలేమీ తగ్గవు. పట్టుచీర మడతల నీడల్లో ఇంకా పెరుగుతాయి కూడా. వెలుగు నిర్ణయాన్ని కెమెరాకు అసలు వదలకండి. వెనకనున్న నల్లతెరను చూసి అది కంగారుపడుతుంది, ఫొటో అంతటినీ వెలిగించబోయి ముఖాన్ని సున్నం కొట్టినట్టు చేస్తుంది. ముఖం మీద పడే వెలుగును చూసుకుని అన్నీ మన చేత్తోనే పెట్టుకోవాలి.

ఇవన్నీ ఎవరైనా నెలరోజుల్లో నేర్చుకోగలరు. నాకు ఏళ్ళు పట్టింది మరొకటి.

ఒకప్పుడు మీట నొక్కిపట్టి సెకనుకు పది ఫ్రేముల చొప్పున తీసేదాన్ని, ఏదో ఒకటి దొరక్కపోతుందా అని. ఇంటికి వచ్చి చూస్తే పదిలోనూ ఆ భంగిమ ఉండేది కాదు. ఒకసారి లెక్క వేసుకున్నాను. ఒక్కో ఫ్రేము సెకనులో 500వ వంతు. పది కలిపితే 50వ వంతు. అంటే ఆ సెకనులో కెమెరా చూసింది నూటికి రెండు పాళ్ళు, మిగిలిన తొంభై ఎనిమిది పాళ్ళూ మూసుకునే ఉంది. వలలో దారాలకన్నా కంతలే ఎక్కువ.

అప్పటినుంచి చెవికి పని చెప్పాను. జతి చివర తీర్మానం వస్తుంది. ఒకే సొల్లుకట్టు, అంటే నోటితో పలికే తాళాక్షరాల వరుస, మూడుసార్లు: తధిగిణతోం, తధిగిణతోం, తధిగిణతోం. మూడో ‘తోం’ మీద నర్తకి నిలుస్తుంది. ఆ నిలుపు అర సెకను ఉంటుంది, ఒక్కోసారి అంత కూడా ఉండదు. కంటితో చూసి వేలు నొక్కడానికి దాదాపు పావు సెకను పడుతుంది. అంటే భంగిమ వ్యూఫైండర్లో కనబడ్డాక నొక్కితే ఆలస్యమే. మూడో ఆవృత్తిలో ‘గిణ’ దగ్గరే వేలు దిగాలి, షట్టరు ‘తోం’ మీద తెరుచుకోవాలి. నట్టువాంగం, అంటే నాట్యాన్ని నడిపిస్తూ గురువు కొట్టే తాళాలను వింటూ, మోకాలి మీద ఎడమచేత్తో ఆదితాళం ఎనిమిది క్రియలూ వేసుకుంటూ ఇంట్లో పాత రికార్డింగులతో అభ్యాసం చేశాను. చిన్నప్పుడు కాళ్ళకు నేర్పిన లెక్క ఇప్పుడు వేలికి నేర్పుకున్నాను.

దీనివల్ల ఒక లాభం కూడా కలిగింది. నిలిచిన క్షణం ఎప్పుడొస్తుందో తెలిస్తే 500వ వంతు అక్కర్లేదు, 125 చాలు. ఐఎస్ఓ మళ్ళీ 1600కు దిగుతుంది. కెమెరా పైన గుండ్రటి మీటలో రెండు అమరికలను దాచుకున్నాను, ఒకటి పరుగుకు, రెండోది నిలుపుకు. జతి నడుస్తుంటే మొదటిది, తీర్మానం మొదలవగానే బొటనవేలితో ఒక్క తిప్పు.

అప్పుడే నేను ఎదురుచూడనిది ఒకటి దొరికింది. భామాకలాపంలో సత్యభామ. చర్రున తిరిగి, తీర్మానం మీద ఠక్కున నిలిచింది. ఒళ్ళు నిలిచింది కానీ జడకు ఆ సంగతి తెలియదు. అది ఇంకా తిరుగుతూనే ఉంది. 125వ వంతులో తీసిన ఆ ఫొటోలో కాటుక కన్ను, చెంపస్వరాల ముత్యాలు, బుగ్గన చేరిన చూపుడువేలు గీత గీసినంత స్పష్టంగా ఉన్నాయి. నడుము పక్కన మాత్రం జడ నల్లటి పొగలా సాగి, దాని చివర జడకుప్పెలు మూడూ మూడు బంగారు గీతలై గాలిలో ఉన్నాయి. 500లో తీసి ఉంటే జడ కర్రలా గాలిలో ఆగిపోయేది. సత్యభామ గర్వమంతా ఆ జడలోనే ఉంటుందంటారు మావాళ్ళు. దాన్ని ఆపకూడదని ఆ రోజు తెలిసింది. అంతా కడిగిన ముత్యంలా రావాలని అప్పటిదాకా పట్టుదలగా ఉండేదాన్ని. ఇప్పుడు ఏది నిలవాలో, ఏది కదలాలో నర్తకినే చెప్పనిస్తున్నాను.

నష్టపోయిన సాయంత్రం గురించీ చెప్పాలి. ఒక హాలులో అభినయం జరుగుతుంటే షట్టరు చప్పుడు ఇబ్బంది పెడుతుందని చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరు పెట్టుకున్నాను. గంటన్నర తీశాను. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూస్తే ప్రతి ఫొటోలోనూ అడ్డంగా నలుపు తెలుపు పట్టీలు. వేదిక మీదివి ఎల్ఈడీ లైట్లు. వాటి వెలుగు తగ్గించేటప్పుడు అవి మన కంటికి అందనంత వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. ఎలక్ట్రానిక్ షట్టరు బొమ్మను ఒక్కసారిగా కాకుండా వరుస తరువాత వరుసగా చదువుతుంది, కాబట్టి లైటు ఆరినప్పుడు చదివిన వరుసలు నల్లగా మిగిలిపోతాయి. మామూలు ట్యూబులైటైతే మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక సెకనుకు వందసార్లు మినుకుతుంది, 100వ వంతు పెట్టుకుంటే సరిపోతుంది. ఎల్ఈడీల వేగం వాటి ఇష్టం, ఆ లెక్క అక్కడ పారదు. ఆ రాత్రి ఒక తల్లికి ఫోను చేసి, “మీ పాప ఫొటోలు ఒక్కటీ రాలేదమ్మా” అని చెప్పవలసి వచ్చింది. “పోనీలే అక్కా, మళ్ళీ ఏడాది తీద్దురుగాని” అందామె. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మళ్ళీ ఏడాదికి ఆ పాప మొదటి ప్రదర్శన రెండోసారి జరగదు కదా.

అందుకని ఇప్పుడు మామూలు షట్టరే వాడుతున్నాను, దాని చప్పుడును మృదంగం కింద దాచుకుంటాను. పదం అనే నెమ్మదైన పాటను అభినయిస్తున్నప్పుడు, గాయని గొంతు సన్నగా తీగలా సాగుతున్నప్పుడు తీయను. కెమెరా దించి చూస్తాను. కొన్ని మంచి ముఖాలు అలా పోతాయి, పోనివ్వండి. డబ్బిచ్చి వచ్చిన పక్కవారి రసానుభవం నా ఫొటో కన్నా తక్కువేమీ కాదు. మొదలయ్యే ముందు లైట్లు సరిచూస్తున్నప్పుడే వెళ్ళి పది ఫ్రేములు తీసి పట్టీలు ఉన్నాయేమో చూసుకుంటాను. లైట్లు నడిపే ఆయనను తమిళంలోనే అడుగుతాను, ఎర్రటి లైటు ఒక్కటే వేయవద్దని, ఎదుటినుంచి కొంచెం తెల్లటిది కలపమని. వట్టి ఎరుపులో ముఖం మీది గీతలన్నీ కలిసిపోయి ముద్దగా వస్తుంది, తరువాత ఎంత దిద్దినా తేరుకోదు. క్యాంటీన్ కాఫీ తాగుతూ అడిగితే ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.

తరంగం చేసిన ఆ అమ్మాయి ఫొటోలు సంక్రాంతి వెళ్ళాక వాళ్ళ క్లాసుకు తీసుకెళ్ళాను. ఫ్లాష్ కొట్టకముందు తీసింది ఒకటుంది, సెకనులో 640వ వంతు, కేవలం పాదాలు. పళ్ళెం అంచు మీద పదివేళ్ళూ ముడుచుకుని ఉన్నాయి, బొటనవేలి గోరు దగ్గర చర్మం తెల్లగా పాలిపోయింది, అంత గట్టిగా పట్టుకుంది. పళ్ళెం కింద నేల మీద గీసుకుపోయిన కొత్త చార కూడా కనబడుతోంది. వాళ్ళమ్మ ముఖాలున్న ఫొటోలు ఏరుకుంది. ఆ క్లాసు మాస్టారు ఈ పాదాలదే చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశారు.

“ఎడమ మడమ ఇంత లేచిందేమమ్మా? జారింది ఫ్లాష్ వల్లే అనుకున్నాను, అంతకుముందే లేచి ఉంది” అన్నారు.

“నాకు తెలియలేదు మాస్టారూ” అంది అమ్మాయి, ఫొటో మీదికి వంగి.

ఆయన ఫొటోను గోడకు ఆనించి నిలబెట్టారు. అమ్మాయి మూల నుంచి పళ్ళెం తెచ్చి దాని ముందు వేసుకుంది.