హైవే లైట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను

మా ఊరి క్రాసింగ్ దగ్గర నేషనల్ హైవే మీద లైటు స్తంభాలు బారుగా ఉంటాయి. వెలగవు, అంతే. పొద్దుగూకాక రోడ్డు దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సిందే.

నేషనల్ హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే కంప్లైంట్ నంబర్ ఇచ్చారు. అసలు తిరుగుడు ఆ తర్వాతే మొదలైంది. హైవే కాంట్రాక్టరు మనుషులు "బల్బులు బాగానే ఉన్నాయి, సప్లై లేదు" అన్నారు. కరెంటు ఆఫీసులో బిల్లు బకాయి ఉందన్నారు. పంచాయతీ కార్యదర్శేమో "స్తంభాలు మావి కావు, బిల్లు మేమెందుకు కట్టాలి సార్?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన మాటలోనూ న్యాయముంది.

అప్పుడు 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి ఆర్టీఐ పెట్టాను. "లైట్లు ఎందుకు వెలగట్లేదు?" అని అడిగితే జవాబు దాటేస్తారు. అందుకే కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందంలో లైటింగ్ గురించి ఉన్న పేజీల కాపీ మాత్రమే అడిగాను. నిర్వహణతో పాటు కరెంటు ఖర్చు కూడా కాంట్రాక్టరుదేనని అందులో స్పష్టంగా ఉంది.

ఆ కాగితం పట్టుకుని సోమవారం అధికారులు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లాను. అర్జీలో కేంద్రం లెక్కలు కూడా రాశాను: 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, ప్రమాదాలు ఎక్కువగా జరిగేది సాయంత్రం 6 నుంచి 9 మధ్యే. అధికారి "బండ్లకు హెడ్‌లైట్లు ఉంటాయిగా?" అన్నారు. 80 స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, డిమ్‌లో మనిషి కనపడేది మహా అయితే 50 మీటర్ల దూరంలో, బ్రేకు మీద కాలు పడేలోపే దాదాపు సగం అయిపోతుందని చెప్పాను. ఆయన ముగ్గురినీ ఒకేచోట కూర్చోబెట్టారు. కాంట్రాక్టరు బకాయి కట్టాడు.

లైట్లు వచ్చాయి, కానీ పట్టపగలు! సాయంత్రం ఆరింటికల్లా ఆరిపోయేవి. లైన్‌మన్ ప్యానెల్ బాక్సు తెరిచి చూస్తే టైమర్‌లో పగలూ రాత్రీ తారుమారయ్యాయి. రెండు నిమిషాల్లో సరిచేశాడు.

ఇప్పుడు దాటేవాళ్లు దూరం నుంచే కనిపిస్తున్నారు. బండ్ల స్పీడు మాత్రం తగ్గలేదు, వెలుగు చూసి కాస్త పెంచుతున్నారేమోనని నా అనుమానం. అందుకే స్పీడు తగ్గించేలా రోడ్డుకు అడ్డంగా వేసే గరుకు పట్టీలు, అదే రంబుల్ స్ట్రిప్స్ కోసం మళ్లీ అర్జీ పెట్టాను. ఈసారి ఒప్పందం కాపీ ముందే జతచేశాను.