పసుపు పూసిన పుస్తకం

సీఎంఏ అంటే ఖర్చుల లెక్కల నిపుణుల కోర్సు. డిసెంబరులో రాసిన దాని ఇంటర్ దశ మొదటి గ్రూపు ఫలితాలు ఫిబ్రవరిలో వచ్చాయి. కాస్ట్ అకౌంటింగులో నాకు 36. పాసవ్వాలంటే 40 రావాలి. నాలుగు మార్కుల్లో పోయిందని ఇంట్లో చెప్పాను. అది సగం నిజం. పేపరుకు 40 వస్తే చాలదు, నాలుగు పేపర్లూ కలిపి 400కు 200 రావాలి. నాకు వచ్చినవి 171. ఈ రెండో లెక్క అమ్మకు చెప్పలేదు.

నేను గుంటూరులో ఒక మిర్చి కమీషను దుకాణంలో లెక్కలు రాస్తాను. ఫిబ్రవరి అంటే సీజను. పొద్దున్నే యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటాయి, తుమ్ములతోనే రోజు మొదలవుతుంది. సాయంత్రం బ్రాడీపేటలో గదికి చేరి స్నానం చేసినా చేతివేళ్ల మంట పోదు. ఆ వేళ్లతోనే కళ్లు నులుముకుని పుస్తకం తెరిచేవాణ్ని. చదవలేదని నన్ను ఎవరూ అనలేరు. డిసెంబరు పరీక్షకు ముందే ఆ కాస్ట్ అకౌంటింగు పుస్తకాన్ని ఆసాంతం మూడుసార్లు చదివాను. కొత్త పద్దు పుస్తకానికి నాలుగు మూలలా పసుపు రాయడం మా కొట్లో ఆనవాయితీ. నేనైతే హైలైటర్‌తో పేజీ పేజీకీ పసుపు పూశాను.

మూడోసారి చదివేటప్పుడు చకచకా సాగిపోయింది. అది వచ్చేసిందని అనుకున్నాను. పెళ్లిలో ఎదురుపడిన మనిషిని ఎక్కడో చూశామని నవ్వుతాం. నా పేరేమిటో చెప్పు అని ఆయన అడిగితే నీళ్లు నములుతాం. పరీక్ష హాల్లో నా పరిస్థితి సరిగ్గా అదే.

మా పెద్ద గుమాస్తాను అందరం బాబాయి గారూ అంటాం. పదో తరగతి వరకే చదివారు. ముప్పై ఏళ్లుగా మిర్చి లెక్కలే ఆయన లోకం. ఒకరోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ, “ఏ పాఠంలో పోయింది బాబూ?” అన్నారు.

“ప్రాసెస్ కాస్టింగ్ బాబాయి గారూ. నార్మల్ లాస్, అబ్నార్మల్ లాస్ అని ఉంటాయి.”

“అంటే?”

పుస్తకంలోని ఇంగ్లీషు వాక్యం గడగడా అప్పజెప్పాను. ఆయన ముద్ద కలుపుతూనే, “తెలుగులో చెప్పు” అన్నారు. నోరు తెరిచాను, మాట రాలేదు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ని. తెలుగులో చెప్పలేకపోతున్నానంటే ఇక లోపం భాషది కాదు.

ఆయనే మొదలుపెట్టారు. “కాయ ఆరితే తూకం తగ్గుతుంది కదా. ఆ తగ్గిన తూకానికి అయిన ఖర్చు ఎక్కడికి పోతుంది?”

“మిగిలిన కాయ మీదే పడుతుంది.”

“తాలు కాయ ఏరి తక్కువకు అమ్మితే వచ్చిన డబ్బు?”

“ఖర్చులోంచి తీసెయ్యాలి.”

“మరి దింపేటప్పుడు టిక్కీ చిరిగి మంచి కాయ మురుగులో పడితే?”

కాసేపు ఆలోచించి, “అది మంచి కాయ ధరకే నష్టం రాయాలి” అన్నాను.

“అదేనా నీ పాఠం?” అని ఆయన మజ్జిగ పోసుకున్నారు.

అదే పాఠం. పరీక్షలో నేను తప్పింది సరిగ్గా అక్కడే. ఆ రాత్రి పాత బిల్లు వెనక లెక్క వేసుకున్నాను. వెయ్యి కిలోల సరుకు, మొత్తం ఖర్చు 1,95,000 రూపాయలు. వందకు అయిదు పోవడం మామూలే, అంటే 50 కిలోలు. ఆ 50 కిలోలను కిలో వందకు అమ్మితే 5,000 వస్తుంది. మిగిలిన 1,90,000ను 950 కిలోలకు పంచితే కిలో 200. చివరికి చేతికి వచ్చింది 930 కిలోలే అయితే, అదనంగా పోయిన 20 కిలోలను కిలో 200 చొప్పున 4,000గా విడిగా రాయాలి. వాటిని కూడా వందకే అమ్మితే 2,000 వస్తుంది, తక్కిన 2,000 నష్టం. డిసెంబరులో నేను ఆ అదనపు నష్టానికి మొదటే వంద వేశాను. పుస్తకంలో ఆ వాక్యం కింద పసుపు గీత ఉంది. మూడుసార్లు చదివిన గీత.

ఆ రోజు నుంచి చదివే తీరు మారింది. పుస్తకంలో చేసి చూపించిన లెక్కలు ఉంటాయి కదా, ఇదివరకు వాటిని కథల్లా చదివి తల ఊపేవాణ్ని. ఇప్పుడు ఎవరిదో పెళ్లి శుభలేఖ ఒకటి తీసుకుని జవాబు మీద కప్పేవాణ్ని. ప్రశ్న మాత్రం చదివి నా లెక్క నేను చేయడం, ఆగిపోయినప్పుడు శుభలేఖను ఒక్క వరుస కిందికి జరపడం, మళ్లీ కప్పేయడం. మొదటి వారం రెండు వరుసలు దాటి ముందుకు వెళ్లలేకపోయాను. గంటలో ముప్పై పేజీలు తిప్పినవాడికి గంటకు మూడు లెక్కలు కూడా కాకపోతే ఎలా ఉంటుంది? మునుపటికంటే మొద్దునయ్యాననిపించింది. మానేద్దామనుకున్నాను కూడా.

అలా అనిపించడం సహజమేనని తరువాత తెలిసింది. రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్లీ చదివారు, కొందరు చదివింది మూసి గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తరువాత చూస్తే మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. నేను డిసెంబరు దాకా ఆ అయిదు నిమిషాల కోసమే చదివానన్నమాట.

రెండో పని తప్పుల పుస్తకం. తప్పిన ప్రతి లెక్కకూ జవాబు కాకుండా, ఎందుకు తప్పానో తెలుగులో ఒక్క వాక్యం రాసేవాణ్ని. “సగం తయారైన సరుకును పూర్తి సరుకుగా లెక్కపెట్టాను.” “ప్రశ్నలో ‘నెలకు’ అని ఉంటే ఏడాదికి వేశాను.” నలభై వాక్యాలు అయ్యాక తిరగేస్తే అన్నీ ఆరేడు తప్పులకే మారువేషాలు. నా అజ్ఞానం ఇంత చిన్నదా అని కాస్త సిగ్గు, చాలా ఊరట.

ఎండాకాలంలో యార్డుకు సెలవులు ఇస్తారు. పరీక్ష జూనులో. ఆ సెలవులు నాకు వరం. రోజుకో పాఠం పూర్తి చేసి పారేద్దామన్న ఆశ పుట్టింది గానీ, ఈసారి లొంగలేదు. ఈరోజు చేసిన పాఠంలో రెండు లెక్కలు రేపు, ఒకటి మూడు రోజులకు, ఒకటి వారానికి. ఇందులో ఇంకో చిక్కు ఉంది. పాఠం పేరు చూసి లెక్క చేస్తే ఏ సూత్రం వాడాలో ముందే తెలిసిపోతుంది. పరీక్షలో ఆ పేరు ఉండదు. అందుకని ప్రశ్నల పేజీ నంబర్లు చీటీలపై రాసి, ఖాళీ పచ్చడి సీసాలో వేసి, కళ్లు మూసుకుని తీసేవాణ్ని. సీసా ఎంత కడిగినా గోంగూర వాసన పోలేదు. ఇప్పటికీ గోంగూర తింటుంటే వేరియన్సులు, అంటే అనుకున్న ఖర్చుకూ అయిన ఖర్చుకూ మధ్య తేడాల లెక్కలు, గుర్తొస్తాయి. ఆ వేరియన్సుల పాఠానికి మాత్రం మిరపకాయలు ఏమాత్రం అక్కరకు రాలేదు. ఒంటి చేత్తో బండ మోసినట్టే మోశాను.

న్యాయశాస్త్రం పేపరు దగ్గర ఈ పద్ధతి సగమే పారింది. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షను వేలంపాట గురించి. సుత్తి దెబ్బతో గానీ వాడుకలో ఉన్న మరో తీరులో గానీ పాట ముగిసిందని ప్రకటించేదాకా అమ్మకం పూర్తికాదు, అంతవరకూ పాడినవాడు తన పాటను వెనక్కి తీసుకోవచ్చు. రోజూ యార్డు ముఖం చూసేవాడికి అది ఒక్కసారికే పట్టుబడింది. మిగతా సెక్షన్లకు అంత అదృష్టం లేదు. అక్కడ సొంత మాటల్లో చెప్పడం సరిపోదు, చట్టం వాడిన పదమే పడాలి. సెక్షను మూసి రాయడం, పక్కన పెట్టి పోల్చడం, పోయిన పదాన్ని ఎర్ర సిరాతో దిద్దడం. విసుగు పని. సగం సెక్షన్లు వదిలేశాను, దాని ఫలితమూ అనుభవించాను.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదవడం కూడా ప్రయత్నించాను. నాకు పనికిరాలేదు. చన్నీళ్లు, టీ, ఆ పైన పుస్తకం మీదే నిద్ర.

ఆగస్టులో ఫలితాలు. కాస్ట్ అకౌంటింగు 58, ఫైనాన్షియల్ అకౌంటింగు 52, పన్నులు 49, లా 43. కూడితే 202. రెండు మార్కులు మిగిలాయి. ఈసారి అమ్మకు రెండు లెక్కలూ చెప్పాను. బాబాయి గారు మాత్రం మిగిలిన రెండు మార్కులూ సాధారణ మిగులా, అసాధారణ మిగులా అని అడిగి, కొట్లో అందరి ముందూ నవ్వించారు.

ఇంటి యజమాని కూతురు ఈ ఏడాది అదే పరీక్షకు చేరింది. నా పాత పుస్తకం అడిగితే ఇచ్చాను. మర్నాడే మేడ మెట్లెక్కి వచ్చి, పుస్తకం నా ముందు తెరిచి పెట్టింది.

“అన్నయ్యా, ఇందులో ముఖ్యం కానిది ఏదో చూపిస్తావా?”