అద్దెకున్నవాళ్ళకి ఓటు లేదు, నీళ్ళ బిల్లు మాత్రం ఉంది

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్ మీటింగ్ అంటే ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో పాతికమంది పోగవడం, అందులో సగం పార్కింగ్ గొడవకి వచ్చినవాళ్ళే. మినిట్స్‌లో మాత్రం "నివాసులందరి నిర్ణయం" అని రాసుకుంటారు. ఆ అందరిలో అద్దెకున్నవాళ్ళు ఉండరు. కర్ణాటక అపార్ట్‌మెంట్ చట్టం 1972 నాటిది, అది ఓనర్ల చట్టం, ఫ్లాటు ఎవరి పేరున ఉంటే ఓటు వాళ్ళది. మా సర్జాపుర రోడ్డు వైపు చూస్తే ఓనరు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు. ఇక్కడ నీళ్ళు వాడేది, చెత్త వేరుచేసేది, లిఫ్టు ఆగితే మెట్లెక్కేది నెల్లూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి అద్దెకుంటున్న మనవాళ్ళు.

2024 వేసవిలో బోర్లు ఎండినప్పుడు ఈ సంగతి బాగా బయటపడింది. అయిదు కిలోమీటర్లలోపు 12,000 లీటర్ల ట్యాంకరుకి 1,000 రూపాయలని అధికారులు రేటు కట్టారు, తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు. మా దగ్గర ట్యాంకర్ల ఖర్చుని చదరపు అడుగుల లెక్కన పంచారు. అంటే మూడు బెడ్రూముల ఫ్లాటులో ఉండే ఇద్దరు ముసలివాళ్ళు, రెండు బెడ్రూముల్లో ఆరుగురు కుర్రాళ్ళు సర్దుకున్న ఫ్లాటు కంటే ఎక్కువ కట్టాలి. మీటర్లు పెట్టండి అంటే ఓనర్లు "ఆ డబ్బులెవరు పెడతారు?" అన్నారు. నెలనెలా నీళ్ళ బిల్లు కట్టేది వాళ్ళు కాదు కదా, ఎందుకు పెడతారు?

అయితే మీటర్ల సంగతి కమిటీ అనుకున్నంత తేలికా కాదు, అది మాకు చెప్పింది ప్లంబరు. ఒక్కో ఫ్లాటుకి నీళ్ళు ఒక్క పైపులో రావు. వంటింటికి ఒకటి, బాత్రూముకొకటి, బట్టలుతికే చోటికి ఒకటి, అన్నీ టెర్రస్ మీది ట్యాంకు నుంచి వేర్వేరు డక్టుల్లో, అంటే పైపుల కోసం వదిలిన సందుల్లో, దిగుతాయి. ఇంటికొక మీటరు చాలు అని కొటేషన్ తెప్పించినవాళ్ళు ఒక్కసారి ఆయన వెంట టెర్రస్ ఎక్కితే లెక్క వేరేగా ఉండేది.

ఇంకో మాట హౌస్‌కీపింగ్‌లో చేసే మదనపల్లి వైపు అక్క చెప్పింది. "సీ బ్లాకు ట్యాంకు తెల్లారుజామున పొంగిపోతా ఉంటాది సార్, సూపర్‌వైజర్‌కి సెప్తి, ఎవురూ సూడ్ల్యా." ట్యాంకు నిండగానే నీళ్ళు ఆపే ఫ్లోట్ వాల్వు పోయింది, అంతే. డబ్బులిచ్చి తెప్పించిన ట్యాంకరు నీళ్ళు రోజూ తెల్లారేసరికి డ్రైనేజీలో పోతున్నాయన్నమాట. కమిటీలో ఇద్దరు ఐటీ మేనేజర్లు, ఒక రిటైర్డ్ ఇంజనీరు ఉన్నారు, ఒక్కరికీ తెలీదు. ఆమెని మీటింగ్‌కి పిలవాలని ఎవరికీ తట్టదు, ఆ టైముకి క్లబ్‌హౌస్ ఊడ్చేది ఆమే.

ఊరి పాలనా ఇలాగే ఉంది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. బెంగళూరులో 2020 సెప్టెంబరులో పాలకవర్గం గడువు తీరాక ఏళ్ళ తరబడి కార్పొరేటరే లేడు. 2025లో నగరపాలక సంస్థ బీబీఎంపీని అయిదు కార్పొరేషన్లు చేశారు, ఆఫీసుల మీద బోర్డులు మారాయి. ఊరి ఎన్నికల్లోనైతే అద్దెకున్నవాళ్ళకీ ఓటు ఉంటుంది, కానీ మనవాళ్ళ ఓటు సొంతూళ్ళోనే. ఎలక్షన్ వస్తే ఆర్టీసీ బస్సెక్కి పోతారు, ఇక్కడ వార్డు ఆఫీసు ఎక్కడుందో తెలీదు.

బెంగళూరులో కట్టాలనుకున్న ఉక్కు ఫ్లైఓవర్ వద్దని 2016 అక్టోబరులో వేలమంది రోడ్డు మీద చేతులు పట్టుకుని నిలబడ్డారు, తర్వాతి మార్చిలో ప్రభుత్వం దాన్ని వదిలేసింది. వద్దనడానికి జనం వస్తారు. జేపీ నగర్ దగ్గర పుట్టేనహళ్ళి చెరువుని 2011 నుంచి చుట్టుపక్కలవాళ్ళే ఒక ట్రస్టుగా ఏర్పడి, కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని చూసుకుంటూ వచ్చారు. నాకు గొప్పగా అనిపించేది ఈ రెండోది. గుర్రపుడెక్క తీయించడం, మురుగు ఎక్కణ్ణుంచి కలుస్తోందో వెతకడం, ఆఫీసుల చుట్టూ తిరగడం, వీటిల్లో ఫొటోకి పనికొచ్చేది ఏదీ లేదు.

మా దగ్గర ఓటు సంగతి తేలదు గానీ, నీళ్ళకీ చెత్తకీ ఒక సబ్‌కమిటీ వేసి అందులో అద్దెకున్నవాళ్ళని కూర్చోబెట్టొచ్చు, ప్లంబరునీ ఆ అక్కనీ పనివేళల్లోనే పిలవొచ్చు. గొడవపడితే కమిటీవాళ్ళు దానికి ఒప్పుకున్నారు. రోజూ ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో లిఫ్టులో అంటించడానికీ సరే అన్నారు, ఒక ఓనరు మాత్రం "ఇది చూస్తే కొత్తగా అద్దెకి ఎవరొస్తారు?" అని ఫోన్ చేశాడు. అంటించాం. డక్టులన్నీ లెక్కేసి మీటర్లకి కొత్త కొటేషన్ అడిగాం, అదొచ్చాక ఓనర్ల ఓటింగ్.