తలకోన అడవిలో దారి చూపేవారి వెంట

తిరుపతికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, శేషాచలం అడవుల నడుమ ఉన్న తలకోనకు వారాంతంలో వెళ్ళేవారిలో చాలామంది 270 అడుగుల జలపాతాన్ని చూసి వెనుదిరుగుతారు. అడవి తెలిసిన స్థానికుని వెంట నెమ్మదిగా నడిస్తేనే ఆ కొండలు అర్థమవుతాయని నా గట్టి నమ్మకం.

మాకు దారి చూపిన పెద్దాయన ఒక చెట్టు దగ్గర ఆగి, మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలిన నల్లని బెరడును తాకి చూడమన్నారు. అది ఎర్రచందనం, ప్రపంచంలో ప్రధానంగా ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే సహజంగా పెరిగే ఈ చెట్టు దొంగనరుకుళ్ళకు బలవుతుంటే మనసు కలుక్కుమంటుంది. కొంత ముందుకు వెళితే, మనిషి నడుమంత లావున్న గిల్లతీగ చెట్ల మీదుగా మెలికలు తిరుగుతూ పాకి ఉంది. రాతి పగుళ్ళలో బంగారు బల్లి కూడా ఉంటుందని ఆయన చెప్పారు గాని, అది రాత్రివేళ తిరిగే జీవి కావడం వలన మాకు కనిపించలేదు.

1989లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర అభయారణ్యంలోనిదే ఈ ప్రాంతం కనుక, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలి దారులు పట్టరాదు. వానలు తగ్గిన తరువాత, జలధార నిండుగా ఉన్నప్పుడే వెళ్ళండి; రాళ్ళు జారుతాయి కనుక పట్టున్న బూట్లు వేసుకోండి.