అక్షరం తేడా కొడితే ఫ్రాంక్లిన్‌కైనా కష్టమే

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే అమ్మమ్మ అస్సలు చదవదు, "తెలుగులో ఏడవచ్చుగా" అని తిడుతుంది. అమెరికా నాయకుడు, అప్పట్లో ప్రింటింగ్ ప్రెస్ నడిపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి కూడా ఇంచుమించు ఇదే దెబ్బ తగిలింది.

1732లో ఫిలడెల్ఫియాలో ఆయన ఫిలడెల్ఫిషె త్సైటుంగ్ అని ఒక పేపర్ పెట్టాడు, అమెరికాలో మొట్టమొదటి జర్మన్ పేపర్ అదే. ఆ ఊరున్న పెన్సిల్వేనియాలో జర్మన్ వాళ్ళు బోలెడంతమంది కదా, చందాలు వచ్చిపడతాయనుకున్నాడు పాపం. కానీ చేతిలో ఉన్నది ఇంగ్లిష్ అచ్చుకి వాడే రోమన్ టైపు (టైపు అంటే లోహపు అచ్చక్షరాలు), ఆ జనమేమో బైబిలూ పాటల పుస్తకాలూ ఫ్రాక్టూర్ అక్షరాల్లో చదివి పెరిగినోళ్ళు. ఫ్రాక్టూర్ అంటే విరిగినది అని, చూట్టానికీ అలాగే ఉంటుంది, గీత గీతకీ విరిచి కోసుగా చెక్కినట్టు. భాష మనదే కానీ అక్షరం పరాయిది. చందాదార్లు చాల్లేదు, కొన్నాళ్ళకే మూతపడింది.

తర్వాత క్రిస్టఫ్ సౌర్ వచ్చాడు. ఊరు ఫిలడెల్ఫియా పక్కనున్న జర్మన్‌టౌన్, అంతకుముందు టైలరింగూ గడియారాల పనీ చేసినోడు. ఈయన ఏకంగా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫ్రాక్టూర్ టైపు తెప్పించుకుని 1738లో ప్రెస్ మొదలెట్టి, మరుసటేడు పేపర్ తెచ్చాడు, అది నిలబడింది. సిరా కూడా సొంతంగా కాచుకున్నాడంట! 1743లో జర్మన్ బైబిలే వేసేశాడు, 1200 పైచిలుకు పేజీలు, కొన్ని పేజీలకి అక్షరాలు కూర్చడం, అచ్చేయడం, విప్పడం, మళ్ళీ కూర్చడం... తల్చుకుంటేనే నాకు వేళ్ళు నొప్పి. అమెరికాలో మొదటి ఇంగ్లిష్ బైబిల్ అచ్చయ్యింది 1782లో, అంటే 39 ఏళ్ళ తర్వాత.

సౌర్ వేసిన ఆ జర్మన్ బైబిల్‌కి మూలం జర్మనీలో హాలె అనే ఊళ్ళో వేసిన ప్రతి. మన మద్రాసులో తెలుగు నేర్చుకుని వెనక్కెళ్ళిన షుల్జ్ అనే మిషనరీ 1746లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది కూడా ఆ హాలెలోనే. నేనైతే ఇది చదివి కుర్చీలోంచి లేచా.

ఇక ఫ్రాంక్లిన్ సంగతి. 1751లో రాసిన ఓ వ్యాసంలో ఈ జర్మన్లని మొరటోళ్ళు అనే అర్థం వచ్చేలా ఓ మాట వాడేశాడు. పాత ట్వీటు స్క్రీన్‌షాట్ తీసినట్టు 1764 ఎలక్షన్లో అవతలి పక్షం అదే మాట జర్మన్లోకి తిప్పి పంచిపెట్టింది, అసెంబ్లీ సీటు పోయింది.